నార్త్ ఆర్కాట్ కాగితంతో చిత్తూరుకు వచ్చేవాళ్లు

దక్షిణాఫ్రికాలోని డర్బన్ నుంచో ఫిజీలోని సువా నుంచో మారిషస్‌లోని పోర్ట్ లూయిస్ నుంచో ముత్తాతల ఊరు వెతుక్కుంటూ చిత్తూరు వైపు వచ్చేవాళ్ల దగ్గర సాధారణంగా ఒక జిరాక్స్ కాగితం ఉంటుంది. వాళ్ల పెద్దలు ఒప్పంద కూలీలుగా ఓడ ఎక్కినప్పుడు గుమాస్తా నింపిన జాబితాలో అదొక వరుస. నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటి మీద పుట్టుమచ్చలు, పాత గాయాల గుర్తులు అందులో ఉంటాయి. జిల్లా అన్న చోట నార్త్ ఆర్కాట్ అని ఉంటుంది. ఇంటికి తిరిగి వెళ్లాక వాళ్లు రాసుకునే యాత్రా వ్యాసాలు, కుటుంబ సమ్మేళనాల కోసం అచ్చు వేసుకునే చిన్న పుస్తకాలు, సంఘాల సావనీర్లలో వచ్చే అనుభవాలు చాలావరకు ఆ వరుస దగ్గరే మొదలవుతాయి.

ఆ రాతలు ఇక్కడ దాదాపు ఎవరూ చదవరు. విదేశాల్లో స్థిరపడినవాళ్ల సెంటిమెంట్ అనుకుని వదిలేస్తాం. నిజానికి అవి మన జిల్లా చరిత్రకు పనికొచ్చే రాతలు. పందొమ్మిదో శతాబ్దంలో పలమనేరు, చంద్రగిరి, చిత్తూరు తాలూకాల నుంచి ఏ ఊరివాళ్లు, ఎంత వయసులో, ఎవరితో కలిసి సముద్రం దాటారో చెప్పే వివరం ఈ ఊళ్లలో దొరకదు. అది వచ్చినవాళ్ల సంచిలో ఉంటుంది. ఊరి గురించి తెలుసుకోవడానికి వచ్చిన మనిషికే ఆ ఊరి పాత సంగతి ఒకటి ఊరికంటే ఎక్కువ తెలిసి ఉంటుంది. ఈ రాతల బలమూ బలహీనతా రెండూ ఇక్కడి నుంచే వస్తాయి.

వలస ఎంత పెద్దదో ముందు చూడాలి. దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు మొదటి ఓడ ట్రూరో 1860 అక్టోబరులో మద్రాసు నుంచే బయల్దేరి నవంబరు 16న డర్బన్ చేరింది. 1911లో ఆగిపోయేదాకా అక్కడి చెరకు తోటలకు, రైలు మార్గాలకు, బొగ్గు గనులకు 1,52,184 మంది వెళ్లారు. అందులో సుమారు మూడింట రెండు వంతుల మంది మద్రాసు రేవు నుంచి వెళ్లినవాళ్లే. ఐదేళ్ల ఒప్పందం, మొదటి ఏడాది నెలకు పది షిల్లింగుల జీతం, ఆపైన ఏటా ఒక షిల్లింగు పెంపు. ఫిజీకి 1879 నుంచి 1916 దాకా 60 వేలకు పైగా వెళ్లారు. అక్కడికి మద్రాసు ఓడలు 1903లో మొదలయ్యాయి. ఆ ఓడల్లో వెళ్లిన దక్షిణాది వాళ్లలో జిల్లాల వారీగా చూస్తే అందరికంటే ఎక్కువ మంది నార్త్ ఆర్కాట్ వాళ్లే. మారిషస్ వలస ఇంకా పాతది. 1834లో మొదలై నాలుగున్నర లక్షల మందిని తీసుకెళ్లింది. అందులో ఎక్కువ మంది బిహార్ వైపు వాళ్లు, తెలుగువాళ్లలో కోస్తా రేవుల నుంచి వెళ్లినవాళ్లు ఎక్కువ. అందుకని చిత్తూరుకు కాగితం పట్టుకుని వచ్చేవాళ్లలో దక్షిణాఫ్రికా, ఫిజీ కుటుంబాలే ముఖ్యం.

వచ్చినవాళ్లకు మొదట ఎదురయ్యే చిక్కు, నార్త్ ఆర్కాట్ అనే జిల్లా ఇప్పుడు లేకపోవడం. గూగుల్ మ్యాప్‌లో కొడితే ఆర్కాట్ పట్నమో వేలూరో చూపిస్తుంది. చాలామంది తమ ముత్తాతది తమిళనాడే అనుకుని అటువైపు వెళ్లిపోతారు. కానీ 1911 దాకా ఆ జిల్లాకు కేంద్రం చిత్తూరు పట్నమే. ఆ ఏడాది ఏప్రిల్ 1న నార్త్ ఆర్కాట్ నుంచి చిత్తూరు, పలమనేరు, చంద్రగిరి తాలూకాలను, కడప నుంచి మదనపల్లె, వాయల్పాడు తాలూకాలను, వాటితోపాటు కొన్ని జమీందారీ ప్రాంతాలను కలిపి చిత్తూరు జిల్లా చేశారు. నాటాల్ ఓడలు ఆగిపోయింది కూడా అదే ఏడాది. అందువల్ల నాటాల్ జాబితాల్లో జిల్లా పేరుగా చిత్తూరు కనిపించదు, తాలూకా పేరుగానే కనిపిస్తుంది. మదనపల్లె వైపు వాళ్ల కాగితంలో కడప అని ఉంటుంది. సత్యవేడు వైపు వాళ్లదైతే చెంగల్పట్టు. ఎందుకంటే ఆ ప్రాంతం 1960లో సరిహద్దులు సర్దినప్పుడు గానీ చిత్తూరు జిల్లాలోకి రాలేదు. అదే సర్దుబాటులో తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి వెళ్లింది. మళ్లీ 2022 ఏప్రిల్ 4న చంద్రగిరి, శ్రీకాళహస్తి, సత్యవేడు, పుత్తూరు తిరుపతి జిల్లాలోకి వెళ్లాయి, మదనపల్లె అన్నమయ్య జిల్లాలోకి వెళ్లింది. ముత్తాత కదలకుండా ఇక్కడే ఉండిపోయి ఉంటే ఆయన వారసుల చిరునామాలో జిల్లా పేరు కనీసం ఒకసారి, చంద్రగిరి వైపైతే రెండుసార్లు మారి ఉండేది.

ఇంకో చిక్కు తిరుపతి పేరుతోనే ఉంది. ఆ కాలపు ఇంగ్లీషు గుమాస్తాలు తిరుపతిని త్రిపెట్టి, తిరుపెట్టి అని రకరకాలుగా రాశారు. తిరుపత్తూరును కూడా దాదాపు అలాగే రాశారు. ఇప్పుడు తమిళనాడులో తిరుపత్తూరు పేరుతో ఒక జిల్లానే ఉంది. వెతికేవాళ్లు ఈ రెండింటి మధ్య తికమక పడతారు. దీనికి సులువైన పరీక్ష ఒకటి ఉంది. తిరుపత్తూరు తాలూకా 1911 దాకా సేలం జిల్లాలో ఉండేది. కాబట్టి 1911కు ముందు కాగితంలో జిల్లా సేలం అని ఉంటే అది తిరుపత్తూరు అనుకోవచ్చు. నార్త్ ఆర్కాట్ అని ఉండి తాలూకా చంద్రగిరి అయితే అది మన తిరుపతే. ఇలాంటి వివరం యాత్రా రచనల్లో ఎక్కడో ఒక వాక్యంలో దొరుకుతుంది. తర్వాత వెతికేవాళ్లకు పది పేజీల వర్ణన కంటే ఆ ఒక్క వాక్యమే ఎక్కువ ఉపయోగపడుతుంది.

జిల్లా, తాలూకా తేలాక ఊరి సంగతి. గుమాస్తా తన చెవికి వినబడినట్టు రాశాడు. చెప్పిన మనిషికి చదువు రాదు, రాసింది సరిగ్గా ఉందో లేదో చూసుకునే దారి లేదు. చిత్తూరు పల్లెల పేర్లలో పల్లె, పురం, కండ్రిగ, ఇండ్లు అన్న తోకలు గుమాస్తా చేతిలో తరచూ ఊడిపోయాయి. కొత్తపల్లెలు, రామాపురాలు మండలానికి ఒకటి ఉంటాయి. పైగా ఒక రెవెన్యూ గ్రామం కింద చాలా పల్లెలుంటాయి. ఆ మనిషి తన పల్లె పేరు చెప్పాడా, రెవెన్యూ గ్రామం పేరు చెప్పాడా అన్నది కాగితం చెప్పదు.

ఊళ్లోకి వచ్చాక అడిగే మొదటి ప్రశ్న ఇంకా కష్టమైనది. "ఎవురింటోళ్లు మీరు?" అని అడుగుతారు. తెలుగు పల్లెలో మనిషిని గుర్తుపట్టేది ఇంటిపేరుతో. ఓడ జాబితాలో ఇంటిపేరుకు గడి లేదు. మనిషి పేరు, తండ్రి పేరు మాత్రమే అడిగారు. నాటాల్‌లో రెండో తరానికి వచ్చేసరికి తండ్రి పేరో కులం పేరో ఇంటిపేరుగా స్థిరపడిపోయింది. నాయుడు, రెడ్డి, చెట్టి అన్నవి అక్కడ ఇంటిపేర్లు. ఆ పేరు చెప్పి పాకాల దగ్గరో పెనుమూరు దగ్గరో పల్లెలో అడిగితే ఏ ఇంటినీ చూపించలేరు, అది ఊళ్లో సగం మందికి ఉండే పేరు కాబట్టి. ఇంటిపేరు తెలిసుంటే రచ్చబండ దగ్గర కూర్చున్న పెద్దాయన పావుగంటలో తేల్చేసే విషయం, అది లేకపోవడం వల్ల శాశ్వతంగా తేలకుండా ఉండిపోతోంది.

సచివాలయంలో అడంగల్, భూముల పాత రీసెటిల్‌మెంట్ రిజిస్టర్ (ఆర్‌ఎస్‌ఆర్) తీయించి చూసేవాళ్లూ ఉన్నారు. వాటిలో దొరికేది పట్టాదారు పేరు. కూలికి పోయినవాళ్లలో పట్టా ఉన్నవాళ్లు తక్కువ. కార్వేటినగరం, కాళహస్తి, పుంగనూరు జమీందారీ ఊళ్లలోనైతే పరిస్థితి ఇంకో రకం. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చేదాకా అక్కడ సాగు లెక్కలు జమీందారు కచేరీలో ఉండేవి, సర్కారు రైత్వారీ రికార్డుల్లో కాదు. ఆ ఊళ్లలో 1880ల నాటి మనిషి కోసం రెవెన్యూ ఆఫీసులో వెతకడం వృథా.

అయినా ఇంతమంది వెళ్లిపోతే ఊరికి కథగానైనా గుర్తు ఉండదా అన్న ప్రశ్న ఈ రచనలన్నిటిలో వస్తుంది. చాలామంది దీన్ని బాధగా రాస్తారు. 'మమ్మల్ని మర్చిపోయారు' అన్న మాట తరచూ కనిపిస్తుంది. కారణాలు వెతికితే ఆ బాధకు ఒక ఆకారం వస్తుంది. 1876 నుంచి 1878 దాకా వచ్చిన పెద్ద కరువు మద్రాసు ప్రెసిడెన్సీలో లక్షల మందిని చంపింది. ఊళ్లకు ఊళ్లే రోడ్ల మీదికి వచ్చాయి. పని కోసం పోయినవాళ్లు, చచ్చిపోయినవాళ్లు, ఓడ ఎక్కినవాళ్లు ఊరి దృష్టిలో ఒక్కటే, పోయి తిరిగి రానివాళ్లు. వెళ్లినవాళ్లలో ఎక్కువ మందికి చదువు లేదు, ఉత్తరం రాయించుకోవాలంటే డబ్బో తెలిసిన మనిషో కావాలి. ఏజెంట్ల మోసానికి దొరికి పోయినవాళ్ల గురించి ఇంట్లో పదిమందికీ చెప్పుకోరు. భూమి లేని ఇంట్లో మనిషి పోతే పంపకాల తగాదా కూడా రాదు. తగాదా ఉంటేనన్నా పేరు మిగిలేది.

దక్షిణాఫ్రికా కుటుంబాల విషయంలో దీనికి రాజకీయం కూడా తోడైంది. అక్కడి జాతి వివక్ష చట్టాలకు నిరసనగా 1946లో భారతదేశం ఆ దేశంతో వ్యాపారం ఆపేసింది. తర్వాత రాకపోకలు కూడా బాగా తగ్గిపోయాయి. పూర్తి స్థాయి దౌత్య సంబంధాలు మళ్లీ 1993లో మొదలయ్యాయి. తాత కొడుకులు, మనవళ్లు బతికున్న ఆ యాభై ఏళ్లలో ఎవరైనా వచ్చి ఉంటే ఊళ్లో గుర్తుపట్టే ముసలివాళ్లు ఉండేవాళ్లు. దారి తెరుచుకునేసరికి రెండు వైపులా ఆ తరం అయిపోయింది. డర్బన్ నుంచి వచ్చేవాళ్ల రాతల్లో కనిపించే తొందర, దుఃఖం ఫిజీ వాళ్ల రాతల్లో అంతగా ఉండవు. ఫిజీ వాళ్ల కథ వేరు. 1987 సైనిక తిరుగుబాట్ల తర్వాత చాలామంది ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వెళ్లిపోయారు. వాళ్లు సిడ్నీ నుంచో ఆక్లాండ్ నుంచో వస్తారు, పోగొట్టుకున్న ఊళ్లు వాళ్లకు రెండు. తిరుచానూరులో కూర్చుని ఫిజీలోని లంబాసా చెరకు తోటల గురించి రాస్తారు. పైగా వాళ్ల కాగితంలో వెతకడానికి ఇంకో ఆధారం ఉంటుంది. ఫిజీకి వెళ్లిన ప్రతి మనిషికీ విడిగా ఒక ఎమిగ్రేషన్ పాస్ రాశారు, అందులో దగ్గరి బంధువు పేరు కూడా అడిగారు. ఊళ్లో మిగిలిపోయిన అన్న పేరో తండ్రి పేరో చేతిలో ఉండడం వెతికేవాళ్లకు చాలా పెద్ద తేడా.

మారిషస్ నుంచి వచ్చేవాళ్లలో ఈమధ్య ఇంకో అవసరం చేరింది. విదేశాల్లోని భారత సంతతి వాళ్లకిచ్చే ఓసీఐ కార్డు మామూలుగా మునిమనవడి తరం దాకే ఇస్తారు. మారిషస్ వాళ్లకు ఏడో తరం దాకా ఇస్తామని 2024 మార్చిలో అక్కడికి వెళ్లినప్పుడు రాష్ట్రపతి ద్రౌపది ముర్ము ప్రకటించారు. వాళ్లకు కాగితం ఇప్పుడు జ్ఞాపకం మాత్రమే కాదు, దరఖాస్తుకు జత చేయాల్సిన పత్రం కూడా.

ఇక తిరుమల. తిరుమల లేకుండా ఈ ప్రాంతం గురించి యాత్రా రచన ఉండదు. చాలా రచనల్లో సగం పేజీలు అలిపిరి మెట్లు, గాలిగోపురం, క్యూ కాంప్లెక్సు, కొన్ని క్షణాల దర్శనం, లడ్డూలతోనే నిండిపోతాయి. భక్తితో రాసిన పేజీలను తప్పుపట్టాల్సిన పని లేదు. కానీ అవి ఎవరైనా రాయగల పేజీలు. ఢిల్లీ నుంచి వచ్చిన భక్తుడూ అవే రాస్తాడు. వాళ్ల ముత్తాత చూసిన తిరుమల వేరు. 1843 నుంచి 1933 దాకా గుడి హథీరామ్‌జీ మఠం మహంతుల చేతిలో ఉండేది. ఘాట్ రోడ్డు 1944లో వచ్చింది. 1890లో ఊరు వదిలిన మనిషి కొండ ఎక్కి ఉంటే కాలినడకనో డోలీలోనో ఎక్కి ఉండాలి. కూలి మనిషికి డోలీ ఎక్కడిది? 3,550 మెట్లు ఎక్కుతూ ఈ సంగతి తలుచుకున్న రచన, ఆ మెట్ల లెక్క మాత్రమే చెప్పిన రచన కంటే నాలుగు మెట్లు పైన ఉంటుంది.

అసలైన గుర్తింపు చాలాసార్లు కొండ మీద కాదు, కింద ఊళ్లలో, ఎవరూ చూపించని చోట జరుగుతుంది. ఈ రచనల్లో అన్నిటికంటే విలువైన పేజీలు అవే.

సెప్టెంబరు నడుమ మొదలయ్యే పెరటాసి నెల సంగతి చూడండి. చిత్తూరు జిల్లాలో ఆ నెలంతా చాలా ఇళ్లలో నీచు వండరు. శనివారాలు ఒక్కపొద్దు ఉంటారు, గోవిందలు కొడతారు, స్వామికి తళిగ (నైవేద్యం) వేస్తారు. దక్షిణాఫ్రికాలో తెలుగు, తమిళ కుటుంబాలు ఇప్పటికీ అదే నెలలో మాంసం మానేస్తాయి, దాన్ని పుర్టాసి అంటాయి. తెలుగు మాట్లాడడం మూడు తరాల కిందటే ఆగిపోయిన ఇంట్లో కూడా ఈ నియమం ఆగలేదు. డర్బన్ నుంచి సెప్టెంబరులో వచ్చిన మనిషి, పాకాలలోనో పూతలపట్టులోనో బంధువు కాని ఎవరింట్లోనో శనివారం అరిటాకు ముందు కూర్చున్నప్పుడు, వాళ్లు ఏం చేయబోతున్నారో ముందే తెలిసిపోతుంది. ఎవరూ వివరించనక్కర్లేదు. ఓడ జాబితా చెప్పలేని ఆనవాలు ఇది.

అంబలి కూడా అంతే. తిరుపతిలో మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర జరుగుతుంది. బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి అని రోజుకో వేషం కడతారు, మగవాళ్లు ఆడవేషాలు వేసి మొక్కు తీర్చుకుంటారు, అమ్మవారికి అంబలి పోస్తారు. చిత్తూరులో, కుప్పంలో, చిన్నా పెద్దా ఎన్నో ఊళ్లలో గంగ జాతరలు ఉన్నాయి. డర్బన్ చుట్టుపక్కల గుళ్లలో అమ్మవారికి అంబలి పోసే పూజలు ఏటా జరుగుతాయి. అక్కడివాళ్లు వాటిని పోరిడ్జ్ ప్రేయర్ అంటారు. ఆ ఇంగ్లీషు పేరు చూసి అదేదో కొత్తగా పుట్టిన ఆచారం అనుకోకూడదు.

అన్నిటికంటే గట్టి ఉదాహరణ అగ్నిగుండం. పాత నార్త్ ఆర్కాట్ అంతటా ధర్మరాజు గుళ్లున్నాయి. ఎండాకాలంలో చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో ఊరూరా మహాభారత ఉత్సవాలు పెడతారు. పగలు హరికథ, రాత్రి వీధి నాటకం. మామూలుగా పద్దెనిమిది రోజులు. బకాసుర వధ, ద్రౌపదీ కల్యాణం అయ్యాక అర్జున తపస్సు. ఎత్తైన మాను పాతి అర్జునుడి వేషగాడు పద్యాలు పాడుతూ పైకి ఎక్కుతాడు. పిల్లలు లేని ఆడవాళ్లు తడి బట్టలతో కింద సాగిలపడి ఉంటారు, ఆయన పైనుంచి వేసే పండో విభూతో తమ దగ్గర పడుతుందని. చివరి రోజు పొద్దున మట్టితో చేసిన పెద్ద దుర్యోధనుడి బొమ్మ దగ్గర వధ జరుగుతుంది, ద్రౌపది జుట్టు ముడి వేసుకుంటుంది. సాయంత్రం కంకణం కట్టుకున్నవాళ్లు నిప్పుల మీద నడుస్తారు.

ఈ వ్రతం ఓడలెక్కి నాటాల్‌కు, ఫిజీకి, మారిషస్‌కు వెళ్లింది. అక్కడ నిప్పులు తొక్కడాన్ని తమిళుల ఆచారం అనే ఎక్కువగా రాశారు, మన వైపు వాళ్లు కూడా అలాగే నమ్ముతారు. చిత్తూరు పల్లె ఒకదాంట్లో తెలుగు హరికథ వింటూ, తెలుగు పద్యాలు పాడే వీధి నాటకం చూస్తూ, చివరికి నిప్పుల గుండం దగ్గరికి చేరినప్పుడు తాము తమిళులా తెలుగువాళ్లా అని తరాలుగా ఇంట్లో నడిచిన వాదన కొంత చల్లబడుతుంది. నార్త్ ఆర్కాట్‌లో రెండు భాషలూ ఒకే వీధిలో ఉండేవి, ఇప్పుడూ ఉన్నాయి. నగరి బజార్లో అరగంట నిలబడితే చాలు, ఆ సంగతి అర్థమవుతుంది. జాబితాలో జిల్లా పేరు చూసి భాష తేల్చడం కుదరదు. డర్బన్ దగ్గరి ఇసిపింగో రైల్ మారియమ్మన్ గుడిలో గుడ్ ఫ్రైడే నాడు జనం ఎందుకు చేరతారో కూడా ఇలాంటి చోటే అర్థమవుతుంది. తోటల్లో కూలీలకు ఈస్టర్ సెలవు దొరికేది కాబట్టి అమ్మవారి తిరునాళ్లు ఆ రోజుకు వచ్చి చేరాయి. దేవత మారలేదు, పంచాంగం మారింది. ఏది ఇక్కడి నుంచి వెళ్లిందో, ఏది అక్కడి బతుకు వల్ల మారిందో పక్కపక్కన పెట్టి చూడగలిగేది రెండు చోట్లూ చూసిన మనిషి మాత్రమే. అందుకే ఈ రచయితలు తమకు తెలిసిన అక్కడి గుడి గురించి కూడా వివరంగా రాయాలి. చాలామంది అది తమ పాఠకులకు తెలిసిందే కదా అని వదిలేస్తారు. చిత్తూరులో చదివేవాళ్లకు అది తెలియదు.

ఈ రచనలు మౌనంగా దాటేసే విషయం కులం. ఓడ జాబితాలో కులం గడి ఖాళీగా ఉండడం అరుదు. నార్త్ ఆర్కాట్ వరుసల్లో పరయ, మాల, పల్లి, వన్నియ, గవర, బలిజ, రెడ్డి అన్నీ ఉన్నాయి. కాగితం తీసేదాకా తమది ఫలానా కులమని ఇంట్లో చెప్పుకున్న మాట ఒకటి, కాగితంలో ఉన్నది వేరొకటి కావడం జరుగుతుంది. ఓడ మీద, తోటల లైన్లలో (కూలీల వరుస ఇళ్లలో) కట్టుబాట్లు సడలిపోయాయి, కొంతమంది పేరు మార్చుకుని కొత్త బతుకు మొదలుపెట్టారు. అది వాళ్ల తెలివి, ధైర్యం. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. కానీ వారసుడు చిత్తూరు పల్లెలోకి వచ్చినప్పుడు ఆ గడి మళ్లీ తెరుచుకుంటుంది. 'మీరు ఎవరు' అన్న ప్రశ్నకు జవాబును బట్టే కారు ఊళ్లోకి పోవాలా, హరిజనవాడకు పోవాలా అన్నది తేలుతుంది. తోడుగా వచ్చిన డ్రైవర్ ముఖం మారడం, అప్పటిదాకా ఇళ్లలోకి పిలిచినవాళ్లు కొంచెం వెనక్కి తగ్గడం గమనించినవాళ్లు ఉన్నారు. గమనించినా రాసేవాళ్లు తక్కువ.

దీన్ని రాయాలి. ముత్తాత ఊరు ఎందుకు వదిలాడన్న ప్రశ్నకు కరువు ఒక్కటే జవాబు కాదు. కరువు లేని ఏళ్లలోనూ ఓడలు నిండాయి. అప్పుకు తరాలుగా పాలేరుతనం చేయాల్సిన ఇంటి నుంచి, బావి నీళ్లు ముట్టకూడని వీధి నుంచి ఐదేళ్ల కూలి ఒప్పందం బయటి దారిలా కనిపించి ఉండొచ్చు. దాన్ని దాచి, 'పూర్వీకులు ఈ పచ్చని పల్లెను కన్నీళ్లతో వదిలి వెళ్లారు' అని రాస్తే ఆ మనిషి తీసుకున్న నిర్ణయానికి విలువ లేకుండా పోతుంది. కొందరు ఏడుస్తూ వెళ్లి ఉంటారు. కొందరు ఊపిరి పీల్చుకుంటూ వెళ్లి ఉంటారు.

'ఏమీ మారలేదు' అన్న వాక్యం ఈ రచనలకు ఉన్న ఇంకో జబ్బు. ఎద్దుల బండి ఒకటి కనబడగానే 1890 కళ్ల ముందు నిలిచింది అని రాస్తారు. ఆ బండి వెనకాలే మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి తోతాపురి కాయలు మోసుకుపోయే లారీల వరుస ఉంటుంది. కుప్పం నుంచి రోజూ పొద్దున్నే రైలెక్కి బెంగళూరులో పని చేసి రాత్రికి తిరిగొచ్చే కూలీలు ఉంటారు. సత్యవేడు దగ్గర శ్రీసిటీలో విదేశీ కంపెనీల బోర్డులు ఉంటాయి. మదనపల్లె వైపు గల్ఫ్‌కు పోయిన ఆడవాళ్ల డబ్బుతో కట్టిన డాబాలు ఉంటాయి. అంటే వాళ్లు మూలం అనుకుని వచ్చిన ఊరి నుంచి ఇప్పటికీ జనం బయటికి పోతూనే ఉన్నారు. ఏజెంటుకు డబ్బు కట్టి, చదవని కాగితం మీద సంతకం పెట్టి వెళ్లేవాళ్లు ఆ ఊళ్లోనే పక్క వీధిలో ఉండొచ్చు. నూట ముప్పై ఏళ్ల కిందటి ఒప్పందం చేతిలో పట్టుకుని వచ్చిన మనిషి, ఆ వీధిలో కాసేపు ఆగి ఇప్పటి ఒప్పందం గురించి అడిగితే, అది ఏ పాత జాబితాలోనూ దొరకని అధ్యాయం అవుతుంది.

ఊరివాళ్ల మంచితనం వల్ల వచ్చే పొరపాట్లు కూడా ఉన్నాయి. అంత దూరం నుంచి వచ్చిన మనిషిని ఉత్త చేతులతో పంపడానికి ఎవరికీ మనసొప్పదు. కొబ్బరి బోండాం ఇస్తారు, చీర పెడతారు, ఎవరో ఒక పెద్దామె 'అవును నాయనా, మా అవ్వ చెప్పేది, ఎవురో సముద్రం దాటి పోయినారంట' అంటుంది. ఆ మాట పట్టుకుని ఒక ఇంటిని ముత్తాత ఇల్లుగా తేల్చేస్తారు. ఫొటో తీసి కుటుంబ వృక్షంలో పెడతారు. తాలూకా, ఊరు, తండ్రి పేరు కుదిరి, ఊళ్లో ఇంకెవరి దగ్గరైనా విడిగా అదే సంగతి దొరికితే తప్ప ఇల్లు దొరికిందని రాయకూడదు. 'ఊరు ఇదే, ఇల్లు తెలియలేదు' అని రాసిన రచన మీద నమ్మకం పెరుగుతుంది. ఆ ఊళ్లో గడిపిన పూట విలువ కూడా ఏమీ తగ్గదు.

అమెరికా నుంచి తిరుపతికి వచ్చి రాసే మన ఎన్నారైల రాతలు వీటితో కలపడానికి లేదు. వాళ్లకు ఊరు గుర్తుంది, మారిపోయిందని బాధ. కూలీల వారసులకు ఊరు ఎప్పుడూ తెలియదు, వాళ్ల బాధ ఇంకో రకం.

తిరిగి వచ్చినవాళ్ల గురించి ఎక్కడా లేదు. నాటాల్ నుంచి వేలమంది మద్రాసుకు తిరిగొచ్చారు. ఒప్పందం ముగిశాక ఉండిపోయేవాళ్ల మీద 1895లో మూడు పౌన్ల పన్ను చట్టం తెచ్చారు, అది 1914 దాకా ఉంది. 1927 కేప్‌టౌన్ ఒప్పందం తర్వాత డబ్బిచ్చి మరీ పంపించారు. నాటాల్‌లో పుట్టి, ఇక్కడి ఎండా తిండీ భాషా అలవాటు లేని పిల్లలతో వచ్చినవాళ్లను పల్లెలు అన్నిచోట్లా కలుపుకోలేదు. చాలామంది మద్రాసులోనే కష్టపడి బతికారు. పూర్వీకుల ఊరికి మొదట వచ్చిన యాత్రికులు వాళ్లే, కానీ రాసుకునే స్థితిలో లేరు. చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో అలాంటి ఇళ్లు ఉండే ఉంటాయి. వాళ్ల దగ్గర నాటాల్ మాట ఏదైనా మిగిలిందేమో వెతకడం ఇక్కడివాళ్లు చేయగలిగిన పని. శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం చరిత్ర విద్యార్థులు తలుచుకుంటే ఒక వేసవిలో పది ఊళ్లు తిరగవచ్చు. ఊరి పేరు, తాలూకా, ఏడాది రాసి ఉన్న జాబితాలు డర్బన్‌లో, సువాలో ఉన్నాయి. అక్కడి నుంచి వచ్చే ప్రతి యాత్రికుడూ అందులో ఒక వరుసను ఇక్కడికి మోసుకొస్తున్నాడు. ఊరికి ఒక నోటు పుస్తకం పెట్టి ఎవరు వచ్చారు, ఏ కాగితం తెచ్చారు, ఏం దొరికింది అని సచివాలయంలోనో బడిలోనో రాసిపెట్టినా, తర్వాత అదే ఊరికి వచ్చేవాళ్లు మొదటి నుంచి మొదలుపెట్టాల్సిన పని ఉండదు.

చివరిగా ఆడవాళ్ల సంగతి. వందమంది మగవాళ్లకు నలభై మంది ఆడవాళ్లు ఉండాలని ఓడలకు నిబంధన ఉండేది. అందుకని జాబితాల్లో ఒంటరిగా వెళ్లిన ఆడవాళ్లు చాలామంది ఉన్నారు. వితంతువులు, మొగుడు వదిలేసినవాళ్లు, ఇల్లు వదిలి వచ్చినవాళ్లు. చాలా జంటలు మద్రాసు డిపోలోనో ఓడ మీదో తోటలోనో కలిసినవే. ఒక మగమనిషిది పలమనేరు తాలూకా అయితే అతను కాపురం చేసిన మనిషిది విశాఖపట్నమో నెల్లూరో కావచ్చు, పక్క పల్లే కావచ్చు. ఈ యాత్రలు మాత్రం దాదాపు ఎప్పుడూ మగ వరుస పట్టుకునే నడుస్తాయి. ఇంటిపేరు అటువైపు నుంచి వచ్చింది కాబట్టి ఊరు కూడా అదే అనుకుంటారు. ముత్తవ్వకు కూడా అదే జాబితాలో సొంత నంబరుంది, తండ్రి పేరుంది, తాలూకా, ఊరు ఉన్నాయి. ఆ వరుసను కూడా జిరాక్స్ తీయించుకుని వస్తే వెతకాల్సిన ఊళ్లు రెండవుతాయి. వాటిలో ఆమె ఊరే ముందు దొరకొచ్చు.